బస్టాపు ఎత్తివేత

గురువారం ఉదయం ఏడు గంటలకు రోడ్ల శాఖ ఇంజనీరు బాత్రూము అద్దం ముందు నిలబడి ఆ వారం పనులన్నీ మనసులోనే పూర్తి చేసేశాడు. ఎనిమిదికల్లా ఫ్లెక్సీ బోర్డు తయారవుతుంది. తొమ్మిదికి దాన్ని బస్టాపు స్తంభానికి కట్టేస్తారు. శనివారం పదింటికి జనం మీటింగుకు వస్తారు. యాభై మంది సంతకాలు పెడతారు. గడ్డానికి సబ్బు నురగ పట్టించుకున్న మనిషికి లోకంలో ఏ పనీ కష్టంగా కనిపించదు.

పని నిజానికి చిన్నదే. ఊళ్లోకెల్లా రద్దీగా ఉండే ఆ రోడ్డు మీద, బస్సు కోసం నిలబడే అరుగు దాదాపు నేలమట్టంగా ఉంటుంది. బస్సు మొదటి మెట్టేమో మోకాలెత్తున ఉంటుంది. అరుగును జానెడు ఎత్తు చేస్తే ముసలివాళ్లూ, చంకన బిడ్డలున్న తల్లులూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కుతారు. దాంతోపాటు అక్కడే రోడ్డు దాటడానికి ఒక సిగ్నలు పెట్టాలి. ప్లాను గీసి ఏడాది దాటింది. అయితే శాఖలో ఒక నిబంధన ఉంది. రోడ్డు మీద ఏ మార్పు చేయాలన్నా అక్కడ కాపురముండే వాళ్లు యాభై మంది వచ్చి, విని, సరేనని సంతకం పెట్టాలి. మొదటి మీటింగుకు ఏడుగురు వచ్చారు. వాళ్లలో ముగ్గురు ఆఫీసువాళ్లే. రెండో మీటింగుకు నలుగురు వచ్చారు. అందులో ఒకాయన ఫ్యాను కింద చక్కగా ఒక కునుకు తీసి, లేచి వెళ్లిపోయాడు.

"ఇదే ఆఖరు," అన్నాడు ఇంజనీరు పైఅధికారి పెద్దసారు. "నలభై తొమ్మిది వచ్చినా సరే, ఫైలు కట్టేసి ఆ పని వేరే రోడ్డుకి ఇచ్చేస్తా. మళ్లీ నా దగ్గరికి రాకు."

ఆ జానెడు ఎత్తు మీద ఇంజనీరుకు అంత పట్టుదల ఎందుకో ఆఫీసులో ఎవరికీ తెలియదు. అతని అత్తగారు ఎనిమిది నెలల కిందట ఆ స్టాపులోనే బస్సు దిగుతూ పడిపోయింది. మోకాలు అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. అప్పటినుంచి ఆవిడ గడప దాటలేదు. ఆరు స్టాపుల అవతల ఆవిడ చెల్లెలుంది. కారులో తీసుకెళ్తానని అల్లుడు ఎన్నిసార్లన్నా ఒకటే జవాబు. "ఒకరు మోసుకుపోతే వెళ్లడానికి నేనేమైనా మూటనా?" అని. చెల్లెలితో రోజూ ఫోనులో పోట్లాడుతుంది, ఫోను పెట్టేసి కూతురి దగ్గర వాపోతుంది. "ఫోన్లో ఎంత తిట్టినా తృప్తి లేదే. దాన్ని ఎదురుగా పెట్టుకుని తిట్టాలి." ఆ మాట విన్నప్పుడల్లా ఇంజనీరుకు తప్పు తనదే అనిపించేది. తను చూసుకునే రోడ్డు మీదే ఆవిడ పడింది మరి.

నురగతో ఉండగానే ఫోను మోగింది. ఫ్లెక్సీ షాపతను.

"సార్, మీరిచ్చిన మేటరు బోర్డులో పట్టట్లేదు. 'ప్రయాణికుల సౌకర్యార్థం బస్టాపు అరుగును ఎత్తు చేయు విషయమై వార్డు ఆఫీసు మేడ మీద స్థానికుల అభిప్రాయ సేకరణ సమావేశం'. ఇదంతా వేస్తే అక్షరాలు చీమలంత వస్తాయి. ఎవరికి కనపడతాయి చెప్పండి?"

"అయితే కాస్త కుదించు."

"అర్థం మారకుండా కుదిస్తా సార్. పదిహేనేళ్ల సర్వీసు నాది. చదివి వినిపించనా?"

"వద్దులే, చెవిలోకి సబ్బు పోతోంది. కట్టించెయ్."

ఫ్లెక్సీ షాపతను మాట తప్పలేదు. తనకు తెలిసిన అర్థం ఏమాత్రం మారకుండానే కుదించాడు. ఎత్తు చేయడమన్నా, ఎత్తివేత అన్నా ఎత్తడమేగా అనుకున్నాడు. పైగా రెండోది పొట్టిగా, పెద్దక్షరాల్లో నిండుగా వస్తుంది. తొమ్మిదింటికల్లా స్తంభానికి ఎర్రటి బోర్డు ఎక్కింది.

బస్టాపు ఎత్తివేత
శనివారం ఉదయం 10 గంటలకు
అందరూ రావలెను

మీటింగు ఎక్కడన్నది కూడా పట్టలేదు. ఇంజనీరు ఆ రోజంతా ఊరి అవతల వంతెన పని చూస్తూ ఉండిపోయాడు.

బోర్డును ముందుగా చదివింది ఎదురింటి రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉంటుంది. ఆ రోడ్డు మీద ఆయన దిద్దని షాపు బోర్డు లేదు. బోర్డును మూడుసార్లు చదివాడు. దిద్దడానికి ఏమీ దొరకలేదు. మొహంలో రంగు మారింది.

"తప్పులుంటే నమ్మేవాణ్ని కాదయ్యా," అన్నాడు బస్టాపు పక్కనే కొట్టున్న టైలరుతో. "ఒక్క దీర్ఘం జారలేదు, ఒక్క ఒత్తు పోలేదు. ఇది పైనుంచి వచ్చిన ఆర్డరే."

"తీసేసేదానికి మనల్నెందుకు రమ్మన్నారు మాస్టారూ?"

"కడసారి చూపుకి."

మధ్యాహ్నానికి ఆ స్థలంలో కార్ల షోరూము వస్తోందని తేలింది. మూడింటికి అది మూడంతస్తులైంది. సాయంత్రానికి ఆ రోడ్డు మీద బస్సులే ఉండవని, ఇకపై అందరూ మైలు దూరం నడిచి రైల్వే గేటు దగ్గర ఎక్కాలని, ఈ సంగతి పాలప్యాకెట్లు వేసే మనిషికి ముందే తెలుసని కూడా తేలింది.

ఇంజనీరు ఇంటికి వచ్చేసరికి అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. భార్య నీళ్లగ్లాసు అందించి గుసగుసలాడింది.

"అమ్మ మీతో మాట్లాడదట."

"ఏం చేశాను?"

"అది మీకే తెలుసట."

మోకాలి మందు తేవడం మరిచిపోయినందుకు కాబోలనుకున్నాడు ఇంజనీరు. ఒక మంచి మాట చెప్పి ఆవిడ మనసు తేలిక చేద్దామనుకున్నాడు.

"అత్తయ్యా, ఇంక రెండ్రోజులే ఓపిక పట్టండి. శనివారంతో ఆ బస్టాపు సంగతి తేలిపోతుంది. మీకింక ఆ బాధ ఉండదు. నేను ఇదంతా చేస్తోంది మీ కోసమే."

అత్తగారు లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు అవతలినుంచి కూతురితో అంటున్న మాటలు, పాత ఇల్లు కాబట్టి, చక్కగా వినిపించి ఉండేవే. కానీ ఇంజనీరు అప్పటికే మందుల షాపుకు బయల్దేరాడు.

"విన్నావా? నా కోసమట! నేను దిగలేక పడ్డానని ఏకంగా స్టాపే తీయించేస్తున్నారట మీ ఆయన! రేపు నేను వీధిలో తలెత్తుకుని తిరగాలా వద్దా?"

"అలా అయ్యుండదమ్మా."

"బోర్డు మీద రాశారు. ఇప్పుడు నోటితోనూ చెప్పారు. ఇంకేం కావాలి నీకు?"

శుక్రవారం పదింటికి ఇంజనీరు సీట్లో కూర్చున్నాడో లేదో భార్య ఫోను చేసింది.

"అమ్మ బస్టాపులో ఉంది."

ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. "బస్సెక్కిందా?"

"ఎక్కలేదు. మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. చుట్టూ నలభై మంది ఉన్నారు. మీరు ఒకసారి వస్తే మంచిది. కాదులెండి, రాకపోతేనే మంచిదేమో."

అతను వెళ్లేసరికి ఆ నలభై డెబ్బై అయ్యారు. ఎనిమిది నెలలుగా గడప దాటని మనిషి చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని, స్తంభానికి ఆనుకుని, తనే ఆ స్టాపుకు స్తంభమన్నట్టు కూర్చుని ఉంది. మాస్టారు మంచి నోటుపుస్తకం ఒకటి తెరిచి కాపలాకు వంతులు వేస్తున్నాడు. ఆ స్టాపు ఎవరికీ అక్కర్లేదని పెద్దలు అంటారేమోనని, ఎంత అక్కరో రుజువుగా ప్రతి బస్సూ రాయిస్తున్నాడు. వచ్చిన టైము, ఆగిన చోటు, ఎక్కినవాళ్లు, ఎక్కలేక ఉండిపోయినవాళ్లు. రోడ్డు అవతలివైపు ఇళ్లవాళ్లు కాపలాకు రావడానికి భయపడుతుంటే టైలరు తన కొట్లోంచి రెండు గజాల ఎర్ర లైనింగు గుడ్డ తెచ్చి, రోడ్డుకు అడ్డంగా చాపి పట్టుకుని, గుంపులు గుంపులుగా దాటిస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా తెల్లచారలకు ఆగని వాహనాలు లైనింగు గుడ్డకు ఆగుతున్నాయి.

ఇంజనీరు తలెత్తి బోర్డు చూశాడు. రెండు చేతులూ ఊపుతూ అరిచాడు.

"ఎత్తివేత కాదండీ! ఎత్తు! ఎత్తుతామంతే!"

"ఎత్తుతారనే మేమూ అంటున్నాం," అన్నాడు టైలరు.

"అది కాదు. జానెడు పైకి! బోర్డు తప్పు పడింది!"

"బోర్డులో తప్పు లేదు," అన్నాడు మాస్టారు కఠినంగా. "నేను చూశాను. 'ఎత్తివేత'కు ఒకటే అర్థం. రద్దు. మీరు నోటితో ఒకటి చెప్పి రాతలో ఒకటి పెడితే, మేం రాతనే నమ్ముతాం."

"అత్తయ్యా, మీరైనా చెప్పండి!"

అత్తగారు అల్లుడివైపు చూడకుండా పక్కనున్న కూతురితో అంది. "నిన్న నా మొహం మీదే చెప్పారుగా మీ ఆయన. నా కోసమే చేస్తున్నానని."

జనం ముక్కున వేలేసుకున్నారు. ఇంట్లోంచే సాక్ష్యం దొరికాక ఇంక మాట్లాడడానికేముంది?

ఇంజనీరు టైలరు దగ్గర కత్తెర అడిగి తీసుకుని, స్టూలెక్కి, బోర్డులోంచి 'వేత' అన్న ముక్కను చకచకా కత్తిరించేశాడు. దిగి చూసుకుంటే 'బస్టాపు ఎత్తి' అని మిగిలింది.

"ఎత్తి?" అంది ఒకావిడ. "ఎత్తి ఎక్కడ పెడతారట?"

"పక్క వీధిలోనట," అన్నాడు వెనకనుంచి ఎవరో, ఏదో ఒక జవాబు ఉండాలి కాబట్టి.

గంటలో పక్క వీధివాళ్లు పదిమంది టేపు పట్టుకుని వచ్చారు. స్టాపు పొడవెంతో కొలుచుకుని, తమ వీధిలో ఎక్కడ సరిపోతుందో చూసుకుంటామన్నారు. ఇంజనీరుకు కృతజ్ఞతలు కూడా చెప్పారు. ఆ కృతజ్ఞతలు అందరూ విన్నారు.

చివరి ప్రయత్నంగా అతను ఆఫీసుకు పరిగెత్తి ప్లాను కాగితం తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని మొదటి వాక్యం బిగ్గరగా చదివాడు. "ఒకటి. ఇప్పుడున్న అరుగును పూర్తిగా తొలగించుట." ఆ తర్వాతి వాక్యాలు చదివే అవకాశం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

శనివారం పదింటికి వార్డు ఆఫీసు మేడ మీద అరవై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బస్టాపు దగ్గర ఇసుక వేస్తే రాలేటట్టు లేదు. పెద్దసారు కారు వంద గజాల దూరంలో ఎర్ర లైనింగు గుడ్డ ముందు పావుగంట ఆగిపోయింది. ఇంక కదిలేలా లేకపోవడంతో ఆయన దిగి నడిచి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ ఇంజనీరును చూశాడు.

"యాభై మంది కావాలన్నాను. ఇదేమిటయ్యా?"

"వచ్చారు సార్," అన్నాడు ఇంజనీరు నీరసంగా.

మాస్టారు ముందుకు వచ్చి విన్నపం చదివాడు. రాత్రింబవళ్లు ఆలోచించి ఏ సందూ వదలకుండా రాసిన విన్నపం అది. "మా బస్టాపును ఎత్తుటగానీ, ఎత్తివేయుటగానీ, ఎత్తి వేరొకచోట పెట్టుటగానీ మాకు సమ్మతము కాదు." కింద ఆరువందల పన్నెండు సంతకాలు. మొదటి సంతకం అత్తగారిది.

పెద్దసారు నోటుపుస్తకం తిరగేశాడు. నిన్నటినుంచి నూట తొంభై బస్సులు. వాటిలో స్టాపు దగ్గర ఆగినవి ఎనభై. మిగతావి ముప్పై అడుగులు ముందుకుపోయి నడిరోడ్డు మీద ఆగినవే. మెట్టు అందక ఉండిపోయినవాళ్లు యాభై ఏడుగురు.

"ఇవన్నీ మన సర్వేలో లేవేం?"

"మన సర్వే ఆదివారం చేశాం సార్."

పెద్దసారు పుస్తకం మూశాడు. "చక్కటి పని చేశారు వీళ్లు. కానీ నిబంధన నిబంధనే. యాభై మంది ఒప్పుకోవాలి. ఆరువందల పన్నెండు మంది వద్దంటున్నారు. ఫైలు కట్టేస్తున్నా. పద."

ఇంజనీరుకు ఏడుపొక్కటే తక్కువ. ఏడాది తిరిగిన ఫైలు, ఆ జానెడు ఎత్తు, అత్తగారు వెళ్లాల్సిన ఆ ఆరు స్టాపులు, అన్నీ ఒక్క ముక్కతో పోయాయి. ఇంక మాటలతో లాభం లేదనుకున్నాడు. ఎత్తు గురించి నోరు తెరిచిన ప్రతిసారీ స్టాపు మరింత దూరం పోతోంది. టైలరు కొట్లోకి వెళ్లి, గుడ్డ పేలికలు వేసుకునే చెక్కపెట్టెను నేల మీద కుమ్మరించి, జేబులోంచి టేపు తీసి కొలిచాడు. తొమ్మిదంగుళాలు. దాన్ని తెచ్చి అరుగు అంచున బోర్లించాడు.

"ఏమిటండీ ఇది?" అన్నాడు టైలరు.

బస్సు వచ్చింది. గుడ్డ పట్టుకున్నవాళ్లు సరిగ్గా పెట్టె ఎదురుగా ఆపించారు. అతను అత్తగారి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అత్తయ్యా, నేను రాసిందంతా తప్పే. చెప్పిందంతా తప్పే. ఒక్కసారి దీని మీద కాలు పెట్టండి. నేను పట్టుకోను. ఎవరూ పట్టుకోరు."

అత్తగారు పెట్టెను చూసింది, బస్సు మెట్టును చూసింది, కూతుర్ని చూసింది. కర్ర ఊతంతో లేచింది. పెట్టె మీద ఒక కాలు, ఆ తర్వాత రెండోది. అక్కడినుంచి బస్సు మెట్టు ఇంట్లో గడపంత దూరంలో ఉంది. ఆవిడ గడప దాటినట్టే దాటి లోపలికి వెళ్లిపోయింది. ఆరువందల మంది చూస్తున్నారు.

కండక్టరుకు ఇదంతా తెలియదు. మనిషి ఎక్కింది కాబట్టి అతను విజిలు ఊదాడు. బస్సు కదిలింది. ఉద్యమ నాయకురాలు కిటికీ దగ్గర సీట్లో కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, తన జనాన్ని దాటుకుంటూ వెళ్లిపోయింది.

"ఎత్తడమంటే ఇదా?" అన్నాడు మాస్టారు.

"ఇదేనండీ."

"మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

ఇంజనీరు విన్నపం కాగితాన్ని ఆయన ముందుకు జరిపాడు. మాస్టారు ఎర్ర పెన్ను తీసి, విన్నపంలో 'ఎత్తుటగానీ' అన్న మాట కొట్టేసి, చివర 'ఎత్తుట మాత్రము సమ్మతమే' అని చేర్చాడు. దిద్దిన చోట పొట్టి సంతకం కూడా పెట్టాడు. అభ్యంతరమున్న వాళ్లు చెయ్యెత్తమంటే పక్క వీధివాళ్లు తప్ప ఎవరూ ఎత్తలేదు. పెద్దసారు అక్కడే టైలరు మిషను బల్ల మీద ఫైలు పెట్టి సంతకం చేసి, వచ్చే నెలలోనే పని మొదలుపెట్టాలన్నాడు. సిగ్నలు మాత్రం తొందరగా పెట్టించమన్నాడు. కారు ఇంకా గుడ్డకు అవతలే ఉంది.

జనం చెదిరిపోతుండగా భార్య ఫోను మోగింది. ఆమె విని, భర్త దగ్గరికి వచ్చింది.

"పిన్ని చేసింది. అమ్మ వాళ్ల స్టాపులో దిగలేదట."

"అదేం? నిద్రపోయిందా?"

"అక్కడ పెట్టె లేదుగా! కిందికి చూసి భయమేసి కూర్చుండిపోయిందట. పిన్ని విషయం తెలిసి స్టాపుకి పరిగెత్తిందట. బస్సు చివరిదాకా వెళ్లి తిరిగొస్తుంటే మళ్లీ అక్కడే నిలబడిందట. కిటికీలోంచి ఇద్దరూ తిట్టుకున్నారట."

"కోపంగా ఉందా మీ అమ్మ?"

"లేదట. ఒకటే నవ్వట."

ఒంటిగంటకు బస్సు ఇటు చివరిదాకా కూడా వెళ్లి మలుపు తిరిగి, రోడ్డుకు ఈవలి పక్కకు వచ్చి ఆగింది. ఇంజనీరు పెట్టె సరిచేసి, పట్టుకోనన్నాడు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు కర్ర ముందు పెట్టి, పెట్టె మీదికీ, నేల మీదికీ నిదానంగా దిగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి అల్లుడి మొహంలోకి చూసింది.

"అల్లుడుగారూ, ఎక్కడం ఒకచోటైతే దిగడం ఇంకోచోట కదా. ఇది మీ ప్లానులో రాలేదా?"

అది నిజంగానే రాలేదు. శాఖలో ఎవరి ప్లానులోనూ, ఎప్పుడూ రాలేదు.

ఆవిడ చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి అతని చేతికిచ్చింది. అందులో ఊగిపోతున్న అక్షరాలతో, నడుస్తున్న బస్సులో పెట్టిన సంతకాలు వరసగా ఉన్నాయి. చివరిది కిటికీలోంచి చెయ్యి చాపి పెట్టినట్టు నిలువుగా ఉంది.

"మా చెల్లెలి స్టాపుకి. అక్కడ ఎక్కిదిగే వాళ్లవి యాభై మూడు. లెక్క చూసుకోండి."

"అత్తయ్యా, ముందు ఇది కట్టనివ్వండి."

"మీరు కడుతూ ఉండండి. సోమవారం నుంచి మిగతావి నేను చూసుకుంటాను."

ఆ బస్సు వెళ్లే దారిలో స్టాపులు మొత్తం ఇరవై ఎనిమిది.